హైదరాబాద్ ప్రాంతంలో వక్ఫ్, జకాత్ నిర్వహణ

ముస్లింల దానధర్మాల్లో జకాత్, వక్ఫ్ ముఖ్యమైనవి. జకాత్ ఏటా చెల్లించాల్సిన విధి. కనీసం 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు సరిపడే సంపద (నిసాబ్) ఏడాదిపాటు చేతిలో నిలిస్తే అందులో రెండున్నర శాతం అర్హులకు ఇవ్వాలి. వక్ఫ్ శాశ్వత దానం. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని రాబడిని దాత చెప్పిన పనికే ఖర్చు పెట్టాలి. ఆ బాధ్యత చూసే వ్యక్తి ముతవల్లీ.

నిజాం కాలం

కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ పాలకులు మసీదులకు, దర్గాలకు, అషుర్‌ఖానాలకు ఇనాం భూములిచ్చారు. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలం నాటిదని చెప్పే మౌలాలి గుట్ట దర్గా ఇప్పటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఇనాముల్లో ‘మష్రూతుల్ ఖిద్మత్’ ఒక రకం. గుడి అర్చకుడి మాన్యంలాగే సేవ సాగినన్నాళ్లే దాని అనుభవం. ధార్మిక వ్యవహారాల శాఖ ‘ఉమూరె మజహబీ’ గుళ్ల వ్యవహారాలనూ చూసేది. ఇనాం విచారణ ముగిశాక హక్కును ధ్రువీకరిస్తూ ఇచ్చే ‘ముంతఖబ్’ పత్రాలు నేటికీ కోర్టుల్లో సాక్ష్యంగా ముందుకొస్తాయి. హజ్ యాత్రికుల బస కోసం నిజాంలు మక్కాలో ఏర్పాటు చేసిన రుబాత్‌లో పాత హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల వారికి ఉచిత వసతి దక్కుతోంది.

చట్టాలు, బోర్డు

స్వాతంత్ర్యానంతరం 1954 వక్ఫ్ చట్టం, దాని స్థానంలో 1995 చట్టం వచ్చాయి. 2025 సవరణ వరకు ఆస్తులను సర్వే కమిషనర్ గుర్తించేవారు. బోర్డు పరిశీలన తర్వాత జాబితా గెజిట్‌లో అచ్చవుతుంది. వివాదాలను వక్ఫ్ ట్రిబ్యునల్ విచారిస్తుంది. ముతవల్లీలు నికర ఆదాయంలో 7 శాతం వరకు బోర్డుకు కట్టాలన్న నియమాన్ని 2025 సవరణ 5 శాతానికి తగ్గించింది. తెలంగాణ వక్ఫ్ బోర్డు కార్యాలయం నాంపల్లి హజ్ హౌస్‌లో ఉంది. బోర్డు లెక్కల ప్రకారం రాష్ట్రంలో 33,929 వక్ఫ్ సంస్థలు, 77,538 ఎకరాల భూమి ఉన్నాయి. అందులో 57 వేల ఎకరాలకు పైగా కబ్జాలోనే ఉంది.

మణికొండ తీర్పు

కాగితానికీ నేలకూ పొంతన కుదరకపోతే ఏమవుతుందో మణికొండ జాగీర్ వివాదం చూపింది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1989 గెజిట్‌లో నమోదైంది 5,506 చదరపు గజాలు. 2006లో సవరణ ప్రకటన ద్వారా దాన్ని 1,654 ఎకరాల 32 గుంటలకు పెంచారు. ఆలోగా ఆ భూముల్లో ప్రభుత్వ కేటాయింపులతో ఐటీ సంస్థలు, బహుళ అంతస్తుల భవనాలు వచ్చాయి. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సవరణ ప్రకటనను కొట్టివేసి, 1949లో జాగీర్ల రద్దు జరిగినందున ఆ భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది.

తూంకుంట పరిసరాలు

కరీంనగర్‌కు వెళ్లే రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ శివారులో తూంకుంట ఉంది. ఇలాంటి శివారుల్లో ప్లాట్ కొనే వారు ముందుగా చూసుకోవాల్సింది రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితా. వక్ఫ్, దేవాదాయ భూములు రెండూ అందులోకే వస్తాయి. పక్కనే ఉన్న దేవరయాంజాల్‌లో సీతారామస్వామి ఆలయానికి చెందినవని చెప్పే 1,521 ఎకరాల మీద 2021లో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్ అధికారులతో విచారణ వేసింది. గుడి మాన్యమైనా వక్ఫ్ భూమి అయినా పాత రికార్డు, కొత్త పట్టాల తగవు ఒకటే.

జకాత్ సంస్థలు

జకాత్ వసూలు చట్టం చేతిలో లేదు. చాలామంది రంజాన్‌లో బంధువులకో, మదర్సాలకో నేరుగా ఇస్తారు. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ వంటి సంస్థలు ఆ సొమ్మును సేకరించి చదువులకు, వితంతువుల ఆసరాకు వెచ్చిస్తున్నాయి.

2025 మార్పులు

2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం, చిరకాల వాడుక ఆధారంగా కొత్తగా వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని తొలగించింది. ఆస్తుల వివరాలు జూన్ 6న మొదలైన ‘ఉమీద్’ పోర్టల్‌లో నమోదు చేయాలి. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మొత్తం చట్టాన్ని ఆపలేదు గానీ, ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న షరతును, ప్రభుత్వ భూమి వివాదాల్లో అధికారి నిర్ణయంతోనే రికార్డులు మార్చే నిబంధనను నిలిపివేసింది. చిరకాల వాడుక ఆధారం పోవడంతో, ఆస్తి వక్ఫ్ అని నిరూపించుకోవడానికి పత్రాల ప్రాధాన్యం మరింత పెరిగింది.