ఎల్ల మారినను విడివడని సంఘము

చెన్నపట్టణమునుండి సూళ్ళూరుపేటకు పోవు రైలుమార్గమున గుమ్మిడిపూండి దాటిన పిమ్మట మన ఎలవూరు వచ్చును. ఆపైన ఆరంబాకము, ఆవల తడ. తడ యొద్ద ఆంధ్రదేశము. రాష్ట్రపు టెల్ల మనకు పటముమీది గీత మాత్రమే కాదు. పెండ్లికిని, బేరమునకును, ప్రార్థనకును దాటిపోవు త్రోవ. రాజకీయములు దేవాలయపు గడప దాటరాదని పెద్దలు చెప్పుదురు. అవి దాటివచ్చినప్పుడు మన సంఘములవా రేమి చేసిరో స్మరించుటయే యీ వ్యాసోద్దేశము.

1865లో మైలియస్ దొరగారు సూళ్ళూరుపేటలో హెర్మన్స్‌బర్గు లూథరను మిషనును స్థాపించిరి. ఆ మిషను జర్మనులది. 1914లో మహాయుద్ధము రాగా జర్మనులు ఇంగ్లీషు ప్రభుత్వమునకు శత్రువులైరి. మిషనరీలు తమ స్థానములు విడువవలసి వచ్చెను. వాక్యము చెప్పినవా రొకరు, ఏలువారు మరియొకరు. నడుమ మన పల్లె క్రైస్తవులు! యుద్ధానంతరము అమెరికా దేశపు ఒహాయో లూథరనులు ఆ పని చేపట్టిరి. 1945లో దక్షిణాంధ్ర లూథరను సంఘ మేర్పడెను. పైన జెండాలు మారినను, క్రింద తెలుగు కీర్తన మారలేదు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తనలను లూథరనులు, బాప్టిస్టులు, ఆంగ్లికనులు నొకే తీరున పాడుకొనిరి. పాదిరులు కలియకమునుపే పాట కలిసెనని చెప్పవచ్చును.

పాదిరులు కలియుటకు చాల కాలము పట్టెను. ఆంగ్లికను, ప్రెస్బిటేరియను మొదలగు శాఖలు ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో రాజులకును ప్రజలకును నడచిన కలహములలో వేరుపడినవి. ఆ కలహములతో మన పొలముల యందు పనిచేయువాని కేమి సంబంధము? 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిమువ్వురు పాదిరులు కూడి యీ ప్రశ్ననే వేసికొనిరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. వారిలో ముఖ్యులు వి. యస్. అజరయ్యగారు. తిరునల్వేలి సీమ తమిళులయ్యు, తెలుగుదేశమునకు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో దోర్నకలునకు బిషప్పైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయులు వారే. తమిళుడు తెలుగువారికి కాపరి యగుట మన యెల్లవారు మరువరాని విషయము. 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసినందున వారు తమ కృషి ఫలమును చూడలేదు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యము వచ్చిన ఆరువారములకు, చెన్నపట్టణపు సెయింటు జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘ మవతరించెను. ఇరువదియెనిమిది సంవత్సరముల చర్చ నిలిచినది ఒక వాగ్దానముమీద: ఏ సంఘముపైనను దాని మనస్సాక్షి కంగీకారము కాని ఆరాధనా పద్ధతినిగాని, బోధకునిగాని బలవంతముగా రుద్దరాదని. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది ఆనాడు చేరలేదు. వారిని ద్రోహు లనక, వేచియుండిరి. కొన్ని దశాబ్దములకు వారును వచ్చి చేరిరి. తొందరపెట్టి యున్నచో వచ్చి యుండెడివారా?

అంతలో భాషా రాష్ట్రముల కాలము వచ్చెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. తిరుత్తణి ఎవరిదన్న వివాదము ఊరూర రేగెను. పటాస్కరుగారి మధ్యవర్తిత్వముపై 1959లో చట్టము వచ్చి, 1960 ఏప్రిలు 1 నుండి తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకును పోయెను. ఒక రాత్రి గడచుసరికి ఎన్నో కుటుంబములు ఇల్లు కదలకయే రాష్ట్రము మారినవి. ఇరుప్రక్కలను అల్పసంఖ్యాకు లేర్పడిరి. నేను పుట్టినది ఆ సంవత్సరముననే. బంతిలో కూర్చున్నవారు సరిహద్దు మాట యెత్తకుండ భోజనము ముగించిన పెండ్లిళ్ళ గూర్చి మా తండ్రిగారు చెప్పెడివారు.

నే నెరిగిన యొక ముచ్చట చెప్పెదను. 1977 ఎన్నికలనాడు నాకు పదునేడేండ్లు. ఈ ప్రాంతపు ఒక చిన్న సంఘమున రెండు కక్షలవా రొకరి మొగ మొకరు చూచుట మానిరి. ఒక కక్షవారు ముందు చాపలపైనను, రెండవవారు గుమ్మము చెంతను కూర్చుండెడివారు. సంఘపెద్దయైన వృద్ధోపాధ్యాయుడు మందలింపలేదు, ప్రసంగింపలేదు. కానుకల పెట్టెను ప్రతి ఆదివారము ఇరుకక్షల పెద్దలును కలిసి లెక్కపెట్టి, పుస్తకమున చేవ్రాలు చేయవలెనని మాత్రము కట్టడి చేసెను. ఆ పుస్తకము వ్రాయు పని నాకు పెట్టిరి. మొదట ఒకరి చేవ్రాలు పుట కీ కొసను, మరొకరిది ఆ కొసను ఉండెడివి. అణాపైసలలో తేడా వచ్చిననాడు ఇద్దరును వంగి మరల లెక్కించవలసి వచ్చెడిది. వానలకు పెంకులు పగిలినప్పుడు కొనుటకు ఇద్దరును కలిసి పోయిరి. మరుసటి కోతపండుగనాటికి చేవ్రాళ్ళు ఒకదానిక్రింద నొకటి వచ్చి చేరినవి. ఓట్లు మాత్రము వేరువేరుగనే పడినవి. అది వారి హక్కు. ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసితిని గాని, అంతకంటె చక్కని లెక్క నేను వ్రాసి యెరుగను.

నేడు వేరొక విభేదము గడపలో నిలిచి యున్నది. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము క్రమముగా తప్పనిసరి యయ్యెను. తెలుగు మాటలాడియు, తెలుగు బైబిలు చదువలేని పిల్లలు పెరుగుచున్నారు. ఆరాధన అంతయు తమిళమున జరుగవలెనని యువకులు, తెలుగుననే జరుగవలెనని వృద్ధులు పట్టుపట్టుచున్నారు. ఇరువురి పట్టును న్యాయమే. 1947 నాటి వాగ్దానము మనకు త్రోవ చూపుచున్నది: ఎవరిపైనను బలవంతము వలదు. పాఠము రెండు భాషలలో చదువుడు. తెలుగు పాఠమును పిల్లవాడును, తమిళ పాఠమును తాతయు చదువ యత్నింతురు గాక. ఆరాధన కాగానే అరగంటసేపు అక్షరములు నేర్పువా రొక్కరున్న చాలును. ఓపిక చాలని సంఘము చీలిపోవును. తెలుగు వినబడని సంఘమున మన తాతల ప్రార్థన మూగవోవును. ఈ రెండు నష్టములును రాకుండ చూచుకొనుట మన యందరి విధి.