స్పితాక్ భూకంపము - బాలల మానసిక చికిత్స

1988 డిసెంబరు 7న, నాటి సోవియట్ యూనియన్‌లో భాగమైన ఆర్మేనియా ఉత్తర ప్రాంతమున సంభవించిన భూకంపమును '''స్పితాక్ భూకంపము''' అంటారు. ఇందులో సుమారు 25,000 మంది మరణించారు. భూమి కంపించినది పగలు 11 గంటల 41 నిమిషాలకు, అనగా బడి జరుగుతున్న వేళ. మృతులలో పాఠశాల భవనముల క్రింద చిక్కుకొన్న పిల్లలు అనేకులు. బ్రతికి బయటపడిన పిల్లలకు అటుపిమ్మట జరిగిన మానసిక చికిత్స ఈ వ్యాస విషయము.

== పిల్లల పరిస్థితి ==
స్పితాక్ పట్టణము దాదాపు పూర్తిగా నేలమట్టమైనది. నాడు లెనినాకన్ అని పిలువబడిన గ్యుమ్రీ నగరము చాలవరకు కూలిపోయినది. రాజధాని యెరెవాన్‌లో నష్టము స్వల్పము. ఏడాదిన్నర గడచిన తరువాత ఈ మూడు చోట్ల మొత్తం 218 మంది పిల్లలను పరీక్షించగా, ఆఘాతానంతర మానసిక రుగ్మత స్పితాక్‌లో 95 శాతం మందిలోను, గ్యుమ్రీలో 71 శాతం మందిలోను, యెరెవాన్‌లో 26 శాతం మందిలోను కనిపించినది. పిల్లలు త్వరగా మరచిపోతారని పెద్దలు అనుకోవడం అన్ని దేశాలలోను ఉన్నదే. ఈ అంకెలు ఆ నమ్మకమును బలపరచవు.

== చికిత్సా విధానము ==
అమెరికాలో పనిచేస్తున్న ఆర్మేనియన్ సంతతి మనోవైద్యుడు ఆర్మెన్ గోయెన్జియన్, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ పైనూస్ మొదలగువారు ఈ కృషికి ఆద్యులు. చికిత్స ఆసుపత్రిలో గాక గ్యుమ్రీ పాఠశాలలలోనే జరిగినది. మూడు వారాల వ్యవధిలో అరగంట చొప్పున నాలుగు సామూహిక సమావేశాలు, వాటితోపాటు ఒక్కొక్కరితో విడిగా సగటున రెండు గంటల సంభాషణ - ఇంతే. మందుల ప్రసక్తి లేదు.

పిల్లవాడు తాను చూసినదానిని మొదటినుండి చివరివరకు చెప్పగలిగేటట్లు చేయడం మొదటి పని. భయమును తిరగదోడే శబ్దములను, స్థలములను గుర్తించి తట్టుకోవడం నేర్పడం రెండవది. ఇల్లు లేకపోవడం వంటి నిత్యకష్టములు, చదువుకు, ఎదుగుదలకు కలిగిన ఆటంకములు కూడ చర్చకు వచ్చేవి. వీటన్నిటిలో సూక్ష్మమైనది దుఃఖమునకు సంబంధించిన భాగము. తల్లి శిథిలములలో మరణించిన దృశ్యమే కళ్ల ముందు నిలిచినంతకాలము, ఆమె బ్రతికి ఉన్నప్పటి రూపమును తలచుకోవడం కూడ పిల్లవానికి భయంకరమవుతుంది. ఆ దృశ్యపు పట్టు సడలితే గాని అతడు తల్లికోసం మామూలుగా ఏడవలేడని ఈ వైద్యుల అభిప్రాయము.

== ఫలితములు ==
ఈ చికిత్స పొందిన 35 మంది పిల్లలను, సమీప పాఠశాలలలో చికిత్స అందని 29 మందితో పోల్చి, 1997లో ఫలితములు ప్రచురించారు. భూకంపము జరిగిన మూడేళ్లకు చికిత్స పొందినవారిలో ఆఘాత లక్షణములు తగ్గినవి, పొందనివారిలో పెరిగినవి. మానసిక కుంగుబాటు మాత్రము మొదటివారిలో తగ్గలేదు, పెరగనూ లేదు. రెండవవారిలో అది ముదిరినది. కుంగుబాటు నయమైనదని ఎక్కడైనా వ్రాస్తే అది అతిశయోక్తి.

ఈ మధ్యకాలము సాధారణమైనది కాదని గుర్తుంచుకోవాలి. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నము, అజర్‌బైజాన్‌తో యుద్ధము, దిగ్బంధము, చలికాలములో విద్యుత్తు కొరత వెంటవెంటనే వచ్చినవి. ఊరు తిరిగి కట్టకముందే జరిగిన చికిత్స ఇది.

పిల్లలను చీట్లు వేసి రెండు జట్లుగా విడదీయలేదు కనుక ఈ పోలికకు పరిమితి ఉన్నది. అయితే, భూకంపమైన అయిదేళ్లకు మరల పరీక్షించినప్పుడు కూడ (2005లో ప్రచురితము) చికిత్స పొందినవారే ఎక్కువగా కోలుకొన్నట్లు తేలినది.