పాచిపెంట కొండల్లో పాండవులు
కాకతీయుల మీద నవల చదువుతుంటే మనం ఎక్కడా తడుముకోం. ఆ కోటలు, తోరణాలు బడి పుస్తకాల్లోనే చూశాం. మరి కొండ మీది కథయితే?

1900లో సాలూరు తాలూకా కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర తాను పంచపాండవుల్లో ఒకడినన్నాడు. పసికొడుకు కృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్ళని తరిమి తానే ఏలతానన్నాడు. నాలుగైదు వేలమంది చేరారు. వెదుళ్ళని తుపాకుల్లా చెక్కి కవాతు చేశారు, మంత్రంతో అవి నిజం తుపాకులవుతాయని. పాచిపెంటని దోచుకుంటామని కబురంపారు. మే 1న ఇద్దరు కానిస్టేబుళ్ళని కొట్టి చంపారు. మే 7 తెల్లవారుజామున పోలీసులు కాల్పులు జరిపితే 11 మంది చనిపోయారు. మల్లయ్య జైల్లో పోయాడు. మరో ఇద్దరిని ఉరితీశారు.

ఈ వివరాలన్నీ పాలకులు రాసుకున్న 1907 విశాఖపట్నం జిల్లా గెజిటీరులోవే. దాని లెక్కలో వీళ్ళు ఒట్టి పిచ్చిభక్తులు. రేపు ఇదే నవలగా వస్తే మనమూ ‘పాపం, అమాయకులు’ అని పేజీ తిప్పేస్తాం. కానీ కొండదొరలు తాము పాండవుల సంతతి అని చెప్పుకుంటారు. రాజ్యం పోయి అడవులు పట్టి, తిరిగి తమ వాటా అడిగినవాళ్ళు పాండవులు. అది గుర్తుంటే మల్లయ్య మాటలో మాకు హక్కు వినిపిస్తుంది.

మన డప్పు సంగతి తెలియనివాళ్ళు మన గురించి రాస్తే మండిపడ్డాం. కొండ దగ్గర మనమూ మైదానం వాళ్ళమే. రచయితని నిలదీసేముందు మన చదువునీ నిలదీసుకోవాలి.