ఎలుక బొరియలో వారం రోజులు

పేరు ఇంగ్లీషులో చదివితే 'ఎలుక బొరియ'. పలకడం మాత్రం 'మౌజల్' అనాలట. ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో ఉన్న పాత జాలరి పల్లె. వారానికి ఓ కాటేజీ అద్దెకి తీసుకున్నాం. కాటేజీ అంటే ఒకప్పటి జాలరి ఇల్లే, తల వంచి దూరాలి (నాకు రెండుసార్లు బొప్పి కట్టింది). తాళంచెవి గోడమీది నంబర్ల పెట్టెలో ఉంది, ఇంటివాళ్ళు కనబడనే లేదు. రాత్రి చూస్తే వీధిలో సగం కిటికీలు చీకటే. మాలాంటి వాళ్ళ కోసం ఖాళీగా ఉంచిన ఇళ్ళన్నమాట.

1595లో స్పెయిన్ వాళ్ళు దిగి ఈ ఊరిని తగలబెట్టారు. ఇళ్ళు మళ్ళీ లేచాయి. భాషే నిలవలేదు. ఇక్కడి భాష ఇంగ్లీషు కాదు, కార్నిష్. 1549లో ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకాన్ని గుళ్ళలో బలవంతాన పెడితే జనం తిరగబడ్డారు, వేలల్లో చచ్చారు. వేల్స్ వాళ్ళకి 1588లోనే సొంత భాషలో బైబిలు అచ్చయింది. వీళ్ళకి ఆ అదృష్టం పట్టలేదు.

ఊళ్ళో చేపలమ్మిన డాలీ పెంట్రీత్ 1777లో పోయింది. కార్నిష్ మాట్లాడిన ఆఖరి మనిషి ఈవిడేనంటారు. పక్కనున్న పాల్ ఊరి చర్చి దగ్గర 1860లో నెపోలియన్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో, లూయీ లూసియెన్ బోనపార్ట్ అనే భాషావేత్త, ఆవిడకి రాయి పెట్టించాడు. నాకు మాత్రం 'ఆఖరి' అన్న మాట మీద నమ్మకం లేదు. 1768లో డేన్స్ బారింగ్టన్ అనే పెద్దమనిషి వెతుక్కుంటూ వచ్చి, ఈ భాష ఎవరికీ రాదటగా అని కదిపితే, డాలీ రెండు మూడు నిమిషాలు ఏకధాటిగా దులిపేసింది. ఎదురిళ్ళ ముసలమ్మలిద్దరు పకపకా నవ్వారు. ఎందుకంటే, నిన్ను తిడుతోందయ్యా అన్నారు! మరి మీకొచ్చా అంటే, సరిగ్గా మాట్లాడలేం, అర్థమవుతుంది అన్నారట.

విలియం బొడినార్ అనే ఇక్కడి జాలరి కూడా ఉన్నాడు. చిన్నప్పుడు తండ్రితో, ఇంకో ఐదుగురు పెద్దవాళ్ళతో పడవెక్కితే వారమంతా ఇంగ్లీషు ముక్క దాదాపుగా వినబడేది కాదని 1776లో ఉత్తరం రాశాడు. కార్నిష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఊళ్ళో ఇంకా నలుగురైదుగురికి వచ్చట, అందరూ ఎనభైకి దగ్గరపడ్డవాళ్ళే. పిల్లలకి ఎవరూ నేర్పలేదు. తర్వాత పుస్తకాల్లోంచి మళ్ళీ బతికించారు. 2002లో బ్రిటన్ ప్రభుత్వం గుర్తింపు కూడా ఇచ్చింది. కానీ బొడినార్‌కి అది పడవలో వచ్చిన భాష కదా.

రాయి చూసి దిగొచ్చాక మావాణ్ణి, రేవు దాకా నడుద్దాం రారా అని పిలిచాను. అంతా అర్థమైంది వాడికి. "ఫైవ్ మినిట్స్ డాడీ" అన్నాడు.