నగరాలలో పిల్లల ఆటతోటలు: చారిత్రక పరిణామం

నగరంలో పిల్లల ఆటస్థలం అనగానే మీకు జారుడుబల్ల, ఊయల, గట్టి నేల గుర్తుకు వస్తాయి. ఈ రూపం మొదటి నుంచీ లేదు. అది ఎలా ఏర్పడిందో, దానిని ఎవరు ప్రశ్నించారో ఈ భాగంలో తెలుసుకుందాం.

1840లో జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ తన సంస్థకు ‘కిండర్‌గార్టెన్’, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. పిల్లలు స్వయంగా మొక్కలు పెంచే మడులు అందులో భాగం. 1880ల దశకంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో, బెర్లిన్ పార్కుల ఇసుక కుప్పల స్ఫూర్తితో, పేద పిల్లల కోసం ‘ఇసుక తోటలు’ వెలిశాయి. అంటే ఆధునిక ఆటస్థలం మట్టితో, ఇసుకతో మొదలైంది. 20వ శతాబ్దంలో ఇనుప పరికరాలు, తారు నేల వాటి స్థానాన్ని ఆక్రమించాయి. పెద్దలకు వాటి నిర్వహణ, పర్యవేక్షణ సులభం.

ఈ ధోరణిని ప్రశ్నించినవారిలో డెన్మార్క్ ఉద్యానవన రూపశిల్పి సోరెన్‌సెన్ ముఖ్యుడు. తాను రూపొందించిన ఆటస్థలాలలో కంటే, ఇళ్ళు కడుతున్న చోట్ల పిల్లలు ఎక్కువ ఉత్సాహంగా ఆడుతున్నారని అతడు గమనించాడు. అతని ఆలోచన ప్రకారం 1943లో, జర్మన్ ఆక్రమణ కాలంలో, కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రప్‌లో ఒక ఆటస్థలం ప్రారంభమైంది. అక్కడ చెక్కలు, ఇటుకలు, మట్టి వంటివి ఉండేవి. పిల్లలు తవ్వేవారు, కట్టేవారు, కూల్చేవారు. మొదటి నిర్వాహకుడు జాన్ బెర్టెల్‌సెన్ వారికి తోడుగా ఉన్నాడే కాని, ఆటను నిర్దేశించలేదు. 1946లో దానిని చూసిన లేడీ అలెన్, లండన్‌లో బాంబులు పడిన ఖాళీ స్థలాలను ఇలాగే వాడాలని వాదించింది. ఆ తరువాత బ్రిటన్‌లో ఇటువంటివి ఏర్పడ్డాయి.

1971లో సైమన్ నికల్సన్ ఈ అనుభవానికి సైద్ధాంతిక రూపం ఇచ్చాడు. పిల్లలు కదిలించగల, మార్చగల విడి వస్తువులు ఎన్ని ఎక్కువగా ఉంటే, వారి సృజనకు అంత అవకాశం ఉంటుందని దాని సారాంశం. అదే దశకంలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రాబిన్ మూర్ బృందం ఒక పాఠశాల ఆవరణలో కొంత తారు పెకలించి చెట్లు, నీటి మడుగులు, పచ్చిక ఏర్పరచింది.

ఈ చరిత్రలో అసలు ప్రశ్న పరికరాల గురించి కాదు. ఆ స్థలం ఎవరి సౌలభ్యం కోసం అన్నదే ప్రశ్న. మట్టి, నీరు, మొక్కలు పిల్లల చేతుల్లో మారతాయి, ఇనుము మారదు. అయితే మారే స్థలానికి నిత్యం కనిపెట్టి చూసే మనిషి కావాలి. ఆ ఖర్చు భరించని నగరం మళ్ళీ తారునే ఎంచుకుంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి పార్కులో పిల్లలు తమ చేతులతో మార్చగలిగేవి ఏవి? వాటిని ఎవరు సంరక్షిస్తున్నారు? పది వాక్యాలలో రాయండి.