గొలుగొండ షెడ్డులో రోడ్‌కింగ్

రేకుల షెడ్డు, తల వంచి లోపలికి రండి. బయట కృష్ణదేవిపేట ఆటో హారన్ కొడుతోంది. లోపల కాలిన టూటీ ఆయిల్ వాసన. నడుమ స్టాండేసి ఉన్నది ఎజ్డీ రోడ్‌కింగ్. 250 సీసీ, ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1978లో దించిన మోడల్. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బండి మాత్రం మన్యం దారుల్లో ఇంకా అక్కడక్కడా తిరుగుతోంది, వెనకాల తిట్లు మోసుకుంటూ.

"కొట్టండి బాబూ, ఏటవుద్దో సూద్దారి," అంటాడు మేస్త్రీ.

ఎడమ కాలి దగ్గరున్న గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పాలి, కిక్‌రాడ్డు కూడా అదే. ఒక్క దెబ్బ కొట్టారు. బండి ఎదురు తన్నింది, పిక్క జివ్వుమంది. ఎజ్డీకి చెడ్డపేరు మొదలయ్యేది ఇక్కడే. నిజానికి ఆ తన్ను టైమింగు ముందుకు జరిగిపోవడం వల్ల. మేస్త్రీ కుడివైపు మూత విప్పి, పాయింట్ల మధ్య బిళ్ళ పెట్టి చూస్తాడు. 0.4 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు నోరు తెరుచుకుని ఉంది. సరిచేసి టైమింగు కట్టాక మళ్ళీ కొట్టండి. ఈసారి తన్నదు.

స్టార్టయింది. షెడ్డంతా తెల్లటి పొగ. రేజు వదిలేశారు, అయినా ఇంజను దిగదు, తనంతట తానే అరుస్తూ ఉంటుంది.

"ఇన్నారా? గాలి పీలస్తంది. దీనికి జెట్టు మార్సి ఏం లాభం?"

ఇక్కడ కాస్త ఆగుదాం, అసలు జబ్బు ఇదే. టూస్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంకు గదిలోకి వెళ్ళి, అక్కణ్ణించి సిలిండర్లోకి ఎక్కుతాయి. ఆ గదికి చిల్లు ఉండకూడదు. కుడివైపు ఆయిల్ సీలు అరిగితే దొంగగాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి బోరులో పట్టేస్తుంది. ఎడమవైపుది పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసి పొగ కక్కుతుంది. డైనమో విప్పి బయటికి లాగిన సీలు మేస్త్రీ అరచేతిలో పెడతాడు. మెత్తగా ఉండాల్సిన పెదవి ఎండిన చింతతొక్కలా గట్టిపడింది, గోటితో నొక్కితే పెళుసుగా విరుగుతోంది. యాభై రకాల కార్బొరేటర్ ప్రయోగాలు చేసి, చివరికి ఇనుప సామాన్లవాడికి అమ్మేసిన ఎజ్డీల్లో సగం ఈ రబ్బరు ముక్క కోసమే బలైపోయాయని నా అభిప్రాయం.

సైలెన్సర్ల లోపలి గొట్టాలు బయటికి తీశారు. రంధ్రాలు మసితో పూడుకుపోయాయి. పెరట్లో పుల్లలు పేర్చి వాటిని ఎర్రగా కాల్చి, చల్లారాక సుత్తితో తట్టితే నల్లటి పెచ్చులు రాలుతున్నాయి. "పికప్ లేదు" అన్న ఫిర్యాదుకు ఇంతకంటే చవకైన మందు లేదు.

ఇక ఘాటు. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పట్టుకుని లంబసింగి వైపు ఎక్కండి. ఒకప్పుడు గూడెం అధికారి బాస్టియన్ మన్యం జనంతో వెట్టి చేయించి వేయించిన దారి ఇది, అల్లూరి తిరుగుబాటుకు కారణాల్లో ఇదీ ఒకటి. రెండో గేరులో మలుపు తిరుగుతుంటే బండి బరువు భుజాలకు తెలుస్తుంది. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గించారు కాబట్టి ఆగకుండా లాగుతోంది. ఎజ్డీకి మూలమైన చెకోస్లొవేకియా జావాకు తోబుట్టువైన సీజెడ్ 250 మీద జోయెల్ రాబర్ట్ 1964లో ప్రపంచ మోటోక్రాస్ టైటిల్ కొట్టాడు. బురద ఈ వంశానికి కొత్తేమీ కాదు.

దిగేటప్పుడే జాగ్రత్త. రేజు పూర్తిగా మూసి, గేరు మీదే కిందికి జారుతూ వస్తే పెట్రోలు అందదు. నూనె అందులోనే కలిసి ఉంటుంది కనుక పిస్టన్‌కు తడి ఉండదు. నడుమ నడుమ క్లచ్ పట్టి చిన్న రేజు ఇవ్వండి. ముందు బ్రేకు నొక్కండి... పట్టింది గానీ ఆలస్యంగా. ఈ విషయంలో బండిని వెనకేసుకు రాలేను, డ్రమ్ బ్రేకులు దీనికి చాలవు. లేతులో డ్రమ్ము సాఫు చేయించి, కొత్త షూలు, కొత్త కేబుల్ వేస్తే ఓ మాదిరిగా పనికొస్తాయి. మంచులో 6 ఓల్టుల లైటు కూడా అంతే, ఇంజను నెమ్మదిస్తే గుడ్డిదీపం. 12 ఓల్టులకు మార్పించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవడం తప్పేమీ కాదు. ఒరిజినల్ అని మురిసిపోయేవాళ్ళు పట్టపగలు తిరగొచ్చు.

పాత ఎజ్డీ కొనబోతున్నారా? పెయింటు, క్రోమ్ ఆరు నెలలు ఆగగలవు. సీళ్ళు, బేరింగులు, పాయింట్లు, బ్రేకు షూలు, ఈ ఖర్చు ముందే పక్కన పెట్టుకుని ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.