కార్యాలయ భవనాలలో విద్యుత్ పొదుపు నిబంధనలు: ప్లాను నుంచి మీటరు దాకా

ఉపోద్ఘాతం:

ఒక కార్యాలయ భవనం ఎంత విద్యుత్తు వాడుతుందన్నది చాలావరకు దాని నిర్మాణానికి ముందే నిర్ణయమవుతుంది. గోడల నిర్మాణం, కిటికీల విస్తీర్ణం, అద్దం రకం, పైకప్పు మీది ఉష్ణ నిరోధక పొర వంటివాటిని తరువాత మార్చడం కష్టం, ఖర్చుతో కూడిన పని. అందువల్లనే భారతదేశంలో ఈ నిబంధనలు ప్రధానంగా ప్లాను దశను ఆశ్రయించాయి. ఈ మార్గం ఎంతవరకు ఫలితమిచ్చిందో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టం - రాష్ట్రాల పాత్ర:

2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం 2002 మార్చి 1న అమలులోకి వచ్చింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ కూడా అదే రోజున ఏర్పడింది. 2007 మే నెలలో వాణిజ్య భవనాలకు ఈసీబీసీ అనే నియమావళి వెలువడింది. మొదట 500 కిలోవాట్లుగా ఉన్న విద్యుత్ లోడు పరిమితిని 2010 చట్ట సవరణ 100 కిలోవాట్లకు తగ్గించింది. అయితే దీనిని స్థానిక పరిస్థితులకు అనుగుణంగా సవరించి అమలుచేయవలసింది రాష్ట్రాలే. భవన అనుమతులిచ్చేది పురపాలక సంస్థలు. రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వనంతకాలం నియమావళి ఐచ్ఛికంగానే మిగిలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈ ఉత్తర్వు జారీచేసింది. అదే ఏడాది జూన్ 2న రాష్ట్ర విభజన జరగడంతో ఆ బాధ్యత రెండు ప్రభుత్వాలకూ సంక్రమించింది. హైదరాబాదుది మిశ్రమ వాతావరణం, విశాఖపట్నానిది ఉక్కపోత. ఒకే కొలత రెండింటికీ సరిపోదు కనుక స్థానిక సవరణ అవసరమైంది.

ప్లాను - వాడకం:

2009లో కార్యాలయ భవనాలకు వచ్చిన స్టార్ రేటింగు మరొక మార్గం చూపింది. ఏడాదికి చదరపు మీటరుకు ఖర్చయిన యూనిట్లే దీనికి ఆధారం. మిశ్రమ వాతావరణంలో సగానికి పైగా ఏసీ ఉన్న భవనం 90 యూనిట్ల లోపు వాడితే అయిదు నక్షత్రాలు, 165 నుంచి 190 వాడితే ఒక్కటే నక్షత్రం. నియమావళి ప్లానును చూస్తే, రేటింగు మీటరును చూస్తుంది. కానీ రేటింగు స్వచ్ఛందం. మంచి అద్దానికి పెట్టుబడి పెట్టేది యజమాని. అద్దె కార్యాలయాలలో బిల్లు కట్టేది సాధారణంగా అద్దెదారు. పొదుపు ఫలం తనకు దక్కనప్పుడు యజమాని స్వచ్ఛందంగా ముందుకు రావడం అరుదు. నిబంధన ఆవశ్యకత ఇక్కడే స్పష్టమవుతుంది.

ముగింపు:

2017 నియమావళి సాధారణ భవనంతో పోల్చి 25, 35, 50 శాతం పొదుపుతో మూడు స్థాయిలను నిర్దేశించింది. 2022 సవరణ నివాస భవనాలకూ పరిధిని విస్తరించింది. పరిధి పెరిగినా మౌలికమైన ప్రశ్న మారలేదు. ఆ శాతాలు ప్లానులో లెక్కగట్టినవి. భవనంలో మనుషులు చేరి, ఏసీలు నడిచి, ఏడాది బిల్లులు వచ్చాక ఆ లెక్క నిలిచిందో లేదో చూడాలి. అనుమతి నాటి అంచనాను వాడకం నాటి కొలతతో తప్పనిసరిగా సరిచూసే ఏర్పాటు ఉన్నప్పుడే నిబంధన సార్థకమవుతుంది.